కన్నం

మా డాబా మీద రోజూ అప్పడాలు తగ్గుతున్నాయి.
వందకి పదకొండు, ఒక్కోరోజు పద్నాలుగు.
కాకి అయితే చెదరగొడుతుంది,
ఉడత అయితే అంచు కొరికి వదిలేస్తుంది.
ఇది వరస చెడకుండా తీసిన చెయ్యి.

అందుకే చూలైలో ఈ మేడ మీద
నీళ్ళ ట్యాంకుకి ఎదురుగా, ఇనప పైపుకి
ఒక కన్ను కట్టించాను.
రిచీ స్ట్రీటులో బేరమాడి కొన్న పాత కంప్యూటరు
కింద మినప్పిండి డబ్బాల మధ్య కూచుంది.
మొదటిరోజు చూద్దును కదా, తెరంతా నలుపు.

ఇనియన్ వచ్చాడు. ఇంకా మీసం సరిగ్గా రాని పిల్లాడు.
చెప్పులు గుమ్మంలో విడిచి, కీబోర్డు మీద పిండి ఊది,
"అక్కా, మీ యాంటీవైరస్ కెమెరా ప్రోగ్రామునే దొంగనుకుంది,
పట్టుకుని గదిలో వేసింది" అన్నాడు తమిళంలో.
నాకు తెలుగులో నవ్వొచ్చింది.
కొత్త కోడలు నడిరాత్రి లేచి మంచినీళ్ళు తాగినా
అత్తగారికి అనుమానమే.

మరి దానికి చెప్పడం ఎలా, ఇది మన మనిషేనని?
దానికో పట్టీ ఉందట, మినహాయింపుల పట్టీ.
ప్రోగ్రాము ఉండే ఫోల్డరు పేరు రాశాడు,
బొమ్మలు దాచే ఫోల్డరు పేరు రాశాడు.
"డ్రైవు మొత్తం రాసెయ్‌రా, పీడా పోతుంది" అన్నాను.
"ఒక్క చుట్టం వస్తాడని
వీధి తలుపూ పెరటి తలుపూ తీసి పడుకుంటారా అక్కా?"

తర్వాత నిప్పుగోడ.
నిప్పు నాకు కొత్తేం కాదు,
ముప్పయ్యేళ్ళుగా బొగ్గుల మీద అప్పడం తిప్పిన వేళ్ళివి.
ఈ గోడ మాత్రం కాలదు, అడుగుతుంది.
వీణ్ణి రానివ్వనా?
ఇంటి వైఫైలోనేనా, ఊరందరి వైఫైలో కూడానా?
ఇంటి దానికే టిక్కు పెట్టాడు.
ఆపైన గోడకి చిన్న కన్నం చేసి
కన్నానికో నంబరిచ్చాడు.
నా ఫోను ఒక్కటే అందులోంచి తొంగిచూడొచ్చు.

కన్నాలేసేవాళ్ళని పట్టుకోడానికి
నా గోడకి నేనే కన్నం వేయించుకున్నాను,
పైగా మూడొందల యాభై ఇచ్చి.
కన్నుకి కొమ్ము తీసి సున్నా పెడితే కన్నం.
ఈ సంగతి రెండో తరగతిలో ఎవరూ చెప్పలేదు.

సోమవారం ఏమీ లేదు. ఎండ, అప్పడాలు, ఎండ.
మంగళవారం, అసలు మంగళవారమే లేదు:
రాత్రికి రాత్రి యాంటీవైరస్ కొత్త బుద్ధులు నేర్చుకుని
మళ్ళీ కట్టిపడేసిందట.
ఇనియన్ తిట్టుకుంటూ వచ్చి విడిపించాడు.

బుధవారం రెండూ నలభైకి
తెరలోకి మరగదం వచ్చింది,
నా దగ్గర నల్లేరు దంచే మనిషి.
ముందు చేతులే చూశాను. ఖాళీ.
ట్యాంకు నీడలో కూలబడి
కొంగు నోట్లో కుక్కుకుంది.
భుజాలు మాత్రం కదిలాయి.
ఈ కంటికి చెవి లేదు.
పన్నెండు నిమిషాలు.
లేచి, ట్యాంకు కుళాయి కింద మొహం కడుక్కుని,
వరసలో పక్కకి జరిగిన అప్పడం ఒకటి సరిచేసి
దిగిపోయింది.

గురువారం కూడా. అదే వేళ.

ఇనియన్ని మళ్ళీ పిలిచాను.
"కాస్త చోటు కనబడకుండా చెయ్యొచ్చా?"
"అందరూ ఇంకా కనబడాలనే అడుగుతారక్కా."
మౌసుతో ట్యాంకు నీడ మీద నల్ల పలక ఒకటి గీశాడు.
"చాలా?"
"ఇంకొంచెం. కాళ్ళు చాపుకుంటుంది."
ఎవరని అడిగాడు.
టీ చల్లారిపోతోందన్నాను.

ఇవాళ పన్నెండు తగ్గాయి.
దొంగెవరో ఇప్పుడా నల్ల పలకలోంచే
వచ్చిపోతూ ఉండొచ్చు.

మెట్ల మీద మరగదం పట్టీల చప్పుడు.
రెండూ ముప్పై ఎనిమిది.